అక్క వీడియోలో నేను తీసేసిన బొమ్మలు

మా అక్కకు పుట్టినప్పటి నుంచి వినపడదు. నాకంటే నాలుగేళ్లు పెద్దది. అమ్మ, అక్క, నేను సూరత్ శివారు కోసాడ్‌లో సర్కారు కట్టించిన ఇళ్లల్లో మూడో అంతస్తులో ఉంటాం. నాన్న సిరిసిల్ల వైపు నుంచి సూరత్‌కు సాంచాలు నడపడానికి వచ్చినవాడు. మరమగ్గాల్ని మావాళ్లు సాంచాలనే అంటారు. వాటి మీద బతుకంతా పనిచేసి, నేను కాలేజీలో ఉండగా ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. అక్క ఇంట్లో కూర్చుని చీరల మీద మెరుపు రాళ్లు అతికిస్తుంది. నేను ఖటోదరాలో ఒక చీరల వ్యాపారి ఆఫీసులో వీడియోల పని చూస్తాను.

మా ఇంట్లో మాట తెలుగు. అక్క చదువుకున్నది చెవిటి పిల్లల బడిలో, గుజరాతీలో. అందుకే ఇంటి మాట ఆమెకు ఎటునుంచీ చేరలేదు, చెవి గుండా గానీ, అక్షరాల గుండా గానీ. అన్నం, నీళ్లు, డాక్టరు, బజారు, కోపం అంటూ అమ్మ తనకు తోచినట్టు ఓ యాభై సైగలు కల్పించుకుంది. వాటితోనే ఇన్నేళ్లు మా ఇల్లు నడిచింది. అంతకు మించిన మాట ఏదైనా ఉంటే అక్క ఫోన్‌లో గుజరాతీలో రాసి నాకు చూపిస్తుంది. తన స్నేహితురాళ్లతో ఆమె మాట్లాడే సైగల భాష వేరు. చేతులు, వేళ్లు, కనుబొమ్మలు, భుజాలు అన్నీ కలిసి ఎంత వేగంగా కదులుతాయంటే, పక్కన నిలబడ్డవాడికి ఒక మాట ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలయిందో కూడా తెలియదు. ఆ భాష నేను నేర్చుకోలేదు. నేర్చుకోమని ఎవరూ చెప్పలేదు. నాకూ తోచలేదు.

నా పనేమిటో కొంచెం చెప్పాలి. మా ఆఫీసులో ఒకమ్మాయి చీర కట్టుకుని నెమ్మదిగా ఒక చుట్టు తిరుగుతుంది. కొంగు, అంచు, కుచ్చిళ్లు కనపడేలా వీడియో తీస్తాం. వాటిని ఊళ్లలోని దుకాణదారుల ఫోన్లకు పంపాలి. పెద్ద ఫైలయితే వాళ్ల ఫోన్లలో తెరుచుకోదు. అందుకని చిన్నది చెయ్యడం నా పని. దానికి నేను వాడేది నల్లటి కిటికీలో అక్షరాలు కొట్టి నడిపే ఒక పనిముట్టు. బటన్లు, బొమ్మలు ఏమీ ఉండవు. ఏ ఫైలు తీసుకోవాలి, సెకనుకు ఎన్ని బొమ్మలు ఉంచాలి, ఏ పేరుతో దాచాలి అని ఒక వరుసలో రాసి ఎంటర్ నొక్కితే చేసి పెడుతుంది.

వీడియో అంటే వరసగా పరిగెత్తే బొమ్మలే కదా. ఒక్కో బొమ్మను ఫ్రేము అంటాం. ఫోన్ సెకనుకు ముప్పై తీస్తుంది. నెమ్మదిగా తిరిగే చీరకు ముప్పై అక్కర్లేదు, ఆరు చాలు. మైనస్ ఆర్ అని కొట్టి పక్కన ఆరు అంకె వేస్తే, ప్రతి ఐదు బొమ్మల్లో ఒకటి ఉంచి నాలుగు పారేస్తుంది. వీడియో నిడివి మారదు. మిగిలిన ప్రతి బొమ్మా అంతకు ముందు ఎంత స్పష్టంగా ఉందో అంతే స్పష్టంగా ఉంటుంది. రోజూ ఆ వరుస కొట్టడం విసుగనిపించి, దాన్ని ఒక చిన్న ఫైల్లో రాసి పెట్టుకున్నాను. ఒక ఫోల్డర్‌లో వీడియోలన్నీ వేసి ఆ ఫైలును నడిపితే, నేను టీ తాగి వచ్చేలోపు అన్నీ చిన్నవైపోతాయి. మా శేఠ్‌కు అది మహా ఇష్టం. కొత్తగా వచ్చిన వాళ్లకు నన్ను చూపించి, "వీడి దగ్గర జాదూ ఉంది" అనేవాడు హిందీలో. నాకూ గర్వంగానే ఉండేది.

రెండేళ్ల కిందట, దీపావళి సీజన్ మొదలైన రోజుల్లో, అక్క ఒక సాయంత్రం తన ఫోన్ నా ముందు పెట్టింది. వేరే రాష్ట్రంలో ఒక సంస్థ వాళ్లు, వినపడని వాళ్లకే సైగల భాష టీచర్లుగా శిక్షణ ఇస్తారట. ముప్పై ఐదేళ్ల లోపు వాళ్లే దరఖాస్తు పెట్టుకోవాలి. అక్కకు అప్పుడు ముప్పై నాలుగు. ఆమెతో బడిలో చదివి, ఇప్పుడు అమ్రోలీలో చిన్న క్లాసు నడుపుతున్న స్నేహితురాలు ఆ ప్రకటన పంపింది. ఐదు నిమిషాల వీడియో అడిగారు. తన పేరు, తండ్రి పేరు, ఊరు వేళ్ల మీద అక్షరాలుగా చూపించాలి. తర్వాత తన జీవితంలో జరిగిన ఒక సంగతి సైగల్లో చెప్పాలి.

"తీస్తావా?" అని రాసి నా మొహంలోకి చూసింది.

ఆదివారం పొద్దున డాబా మీద తీశాం. ఆరేసిన బట్టల తాడుకు నీలం దుప్పటి కట్టాం. చేతులు బాగా కనపడాలని అక్క ఏ పువ్వూ గీతా లేని నల్ల జాకెట్టు వేసుకుంది. నీళ్ల డ్రమ్ము మీద రెండు ఇటుకలు పెట్టి వాటి మధ్య ఫోన్ నిలబెట్టాను. మొదటి మూడుసార్లూ మధ్యలో ఆపేసింది. నాలుగోసారి ఆపలేదు. ఇంట్లో నేను ఎన్నడూ చూడని మొహం అది. కళ్లు పెద్దవయ్యాయి, నవ్వింది, భయపడ్డట్టు చేసింది, ఒకచోట పాదాలు రెండూ నేలకు గట్టిగా ఆనించి నిలబడి అరచేతులు వణికించింది. మెట్ల దగ్గర కూర్చుని చూస్తున్న అమ్మ నన్ను అడిగింది.

"ఏం జెప్తుందిరా?"

"ఏమోనే అమ్మా, ఏదో కథ."

"మంచిగనే జెప్తున్నట్టుంది" అంది అమ్మ.

సోమవారం ఆఫీసుకు వెళ్లాక ఆ దరఖాస్తు తెరిచాను. వీడియో వాళ్లు చెప్పిన పరిమితి కంటే చాలా పెద్దగా ఉంది. ఆ రోజు పంపాల్సిన చీరల వీడియోలు వందకు పైనే ఉన్నాయి. శేఠ్ రెండుసార్లు వచ్చి, "అరే భాయ్, జల్దీ కరో" అని తలుపు దగ్గర నుంచే తొందరపెట్టి వెళ్లాడు. నేను అక్క వీడియోను కూడా ఆ చీరల ఫోల్డర్‌లోనే వేసి నడిపాను. చీరలతో పాటు అదీ చిన్నదై వచ్చింది. పరిమితికి సరిపోయింది. ఒకసారి తెరిచాను. మొదటి బొమ్మలో అక్క రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంది. వేళ్ల గోళ్లు కూడా కనిపిస్తున్నాయి. బాగుందనుకుని మూసేసి పంపాను.

సైజు తగ్గించడానికి వేరే దారులున్నాయి. బొమ్మ కొలత తగ్గించవచ్చు, ఇంకాస్త గట్టిగా కుదించవచ్చు. ముప్పై ఫ్రేములూ ముప్పైగానే ఉండేవి. పది నిమిషాల పని. అది నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా లేదు. పైగా ఫోన్ నిండిపోయిందని అదే వారం అసలు వీడియోను కూడా తుడిచేశాను.

దరఖాస్తులో నా ఈమెయిలే ఇచ్చాం. మూడు వారాల తర్వాత జవాబు వచ్చింది. కానీ అది ఆర్డర్ల ఉత్తరాల కింద పడిపోయింది. నేను చూసేసరికి వచ్చి పదకొండు రోజులైంది. ఆఫీసు కింద టీ బండి దగ్గర నిలబడి చదివాను. చేతి కదలికలు తెగిపోతున్నాయి, వేళ్లతో చూపిన అక్షరాలు చదవడానికి వీల్లేకుండా ఉన్నాయి, సెకనుకు కనీసం ఇరవై ఐదు ఫ్రేములు ఉండేలా ఏడు రోజుల్లో మళ్లీ పంపండి అని మర్యాదగా రాశారు.

టీ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. అప్పుడే ఫోన్ చేసి బతిమాలుకోవచ్చు. గడువు దాటింది నాలుగు రోజులే. కానీ మళ్లీ తీయాలంటే అక్కకు చెప్పాలి. చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. చీరల పక్కన పడేసి చేశానని ఏ మొహంతో రాయను? ఇంకో గంట ఆగి చేద్దామనుకున్నాను. తర్వాత రేపు చేద్దామనుకున్నాను. ఆ రేపు కూడా అయిపోయింది.

అక్క ప్రతి సాయంత్రం నేను చెప్పులు విప్పుతుండగానే కనుబొమ్మలు ఎగరేసి అడిగేది, వచ్చిందా అని. ఒక వారం పాటు లేదని తల ఊపాను. ఆ తర్వాత ఒకరోజు ఫోన్‌లో రాసి చూపించాను. "సీట్లు నిండిపోయాయట. చాలామంది పంపారట."

ఆమె చదివింది. "నా సైగల్లో తప్పేమైనా చెప్పారా?" అని రాసింది.

"ఏమీ చెప్పలేదు" అని రాశాను.

అమ్మ ఆమె వీపు నిమిరి, "పోనీ బిడ్డా, చేతిల పని ఉంది గద" అంది. అక్క మళ్లీ రాళ్ల డబ్బా ముందుకు జరుపుకుని కూర్చుంది. ఆ తర్వాత చాలా నెలలపాటు ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక అద్దం ముందు నిలబడి తన పేరు వేళ్ల మీద చూపించుకోవడం చూశాను. మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా, మళ్లీ ఇంకా నెమ్మదిగా. తన చేతుల్లోనే ఏదో లోపం ఉందనుకుంది. నేను చూసి అవతలి గదిలోకి వెళ్లిపోయేవాణ్ణి.

పోయిన చలికాలంలో అక్క స్నేహితురాలు, వినపడని పిల్లల తల్లుల కోసం ఒక కార్యక్రమం పెట్టుకుంది. దరఖాస్తు కోసం తీసిన అక్క వీడియో అక్కడ చూపిద్దామంది. "పాతది నీ దగ్గర ఉంది కదా, పంపు" అని అక్క నాకు సందేశం పెట్టింది. లేదు, పోయింది అని రాస్తే అక్కడితో అయిపోయేదేమో. కానీ ఆ రోజు నాకు ఇంకో ఆలోచన వచ్చింది. అదే పనిముట్టుకు ఇంకో రకం కమాండ్ ఉంది. రెండు బొమ్మల్ని పక్కపక్కన పెట్టుకుని, ఏ చుక్క ఎటు జరిగి ఉంటుందో లెక్కగట్టి, మధ్యలో లేని బొమ్మల్ని అదే గీస్తుంది. ఆరును మళ్లీ ముప్పై చేస్తుంది.

శనివారం మధ్యాహ్నం శేఠ్ లేనప్పుడు నడిపాను. ఐదు నిమిషాల వీడియోకు గంటకు పైగా పట్టింది. కంప్యూటర్ లోపలి ఫ్యాను మోత పెడుతూనే ఉంది. అయ్యాక కొన్ని సెకన్లు చూశాను. ఎక్కడా తెగకుండా అక్క చేతులు నీళ్లల్లో కదిలినట్టు మెత్తగా కదులుతున్నాయి. ఇక ఎవరికీ తెలియదనుకున్నాను. అక్కకు పంపించాను.

ఇంటికి వెళ్లేసరికి ఆమె కిటికీ పక్కన ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి వచ్చి, వీడియో ఒకచోట ఆపి నా కళ్ల ముందు పెట్టింది. ఎడమ చేతికి ఆరు వేళ్లున్నాయి. ఇంకాస్త జరిపి ఆపింది. రెండు వేళ్లు కరిగిన మైనంలా ఒకదానిలోకి ఒకటి కారిపోయాయి. ఇంకోచోట అరచెయ్యి చెంపలో నుంచి బయటికి వచ్చినట్టుంది. ఫోన్ వెనక్కి తీసుకుని చకచకా రాసింది.

"ఇవి నా చేతులు కావు. ఇక్కడ నేను నాన్న అన్నాను. ఇందులో ఉన్నది ఏ మాటా కాదు. నేను చెప్పనివి చెప్పించావు. ఏం చేశావు?"

పొయ్యి దగ్గరున్న అమ్మకు ఏమీ అర్థం కాలేదు. "ఏమైందిరా? ఎందుకట్ల చూస్తుంది నిన్ను?"

"ఏం లేదే అమ్మా" అన్నాను.

అక్క మళ్లీ రాసింది. "అప్పుడు వాళ్లకు పంపింది చూపించు."

చూపించాను. కింద కూర్చుని ఐదు నిమిషాలూ చూసింది. పేరు దగ్గర మూడుసార్లు వెనక్కి తిప్పింది. పేరులో ఎనిమిది అక్షరాలుంటే తెరమీద కనిపించినవి మూడే. మిగతావి నేను పారేసిన బొమ్మల్లో ఉన్నాయి. ఆ తర్వాత ఈమెయిల్ తెరిచి ఆమె చేతికిచ్చాను. ఇంగ్లీషు ఆమె కూడబలుక్కుని చదువుతుంది. నేను పక్కనే గుజరాతీలో రాస్తూ పోయాను, ఈసారి ఏమీ దాచకుండా. తారీఖు దగ్గర ఆమె వేలు ఆగింది. తలెత్తి, రెండు చేతుల మీద ఏడు చూపించింది. అది నాకు అర్థమైంది.

అమ్మకు కూడా అంతా చెప్పాను. గరిటె చేతిలో పట్టుకునే విన్నది.

"ఏడు దినాలు ఇచ్చిరంటివి గద. మల్ల తీస్తే అయిపోవు."

"నేను చూసేసరికే గడువు దాటిందమ్మా. దాటినా అడిగితే ఏమనేవాళ్లో. అడగలేదు."

"దానికన్న జెప్పవైతివి?"

"చెప్పడానికి సిగ్గయింది."

"సిగ్గు నీకయితే, ఏడాది సంది అద్దం ముందల నిలవడ్డది అదిరా" అంది అమ్మ. ఆమె కూడా చూసిందన్నమాట. కాసేపటికి గొంతు తగ్గించి అడిగింది. "ఇంతకు గా వీడియోల ఏం జెప్పిందట? జర అడుగు."

అడిగాను. అక్క నాలుగు రోజులు నా వైపు చూడలేదు. కంచం తీసుకుని గోడ వైపు తిరిగి తినేది. ఐదో రోజు ఆఫీసులో ఉండగా పెద్ద సందేశం వచ్చింది. మెట్ల మీద కూర్చుని చదివాను.

తనకు ఐదారేళ్లప్పుడు నాన్న టిఫిన్ డబ్బాతో పాటు తననూ సాంచాల కార్ఖానాకు తీసుకెళ్లేవాడట. లోపల అడుగుపెట్టగానే నేల వణికేదట. ఆ వణుకు అరికాళ్ల నుంచి కడుపులోకి వచ్చేదట. మొదటి రోజు భయపడి, రెండో రోజు నుంచి దాని కోసం ఎదురుచూసిందట. అక్కడ ఎవరూ నోటితో మాట్లాడేవాళ్లు కారు. దారం తెగిందని, బీడీ ఉందా అని, శేఠ్ వస్తున్నాడని, అన్నీ చేతులతోనే చెప్పుకునేవాళ్లు. ఆ మోతలో మాట వినపడదు కాబట్టి అలా చేస్తారని తనకు తెలియదు. వీళ్లంతా నాలాంటి వాళ్లే, నాన్న కూడా నాలాంటివాడే, ఇంటికి వచ్చాకే నోరు కదుపుతాడు అనుకుందట. బడిలో చేరేదాకా అలాగే అనుకుందట. ఇదీ ఆమె డాబా మీద చెప్పిన సంగతి.

ఆ రోజు నేను మధ్యాహ్నం నుంచి పని చేయలేకపోయాను. ఇంటికి వచ్చి అమ్మకు తెలుగులో చదివి వినిపించాను. అమ్మ గోడకు ఆనుకుని విన్నది.

"మోతకు బెదుర్తదని నేనే బంద్ జేయించిన" అంది. "తీస్కపోవద్దని మీ నాయినతోని లొల్లి పెట్టుకున్న. అది ఏడ్చింది. బెదిరే ఏడుస్తుందనుకున్న." ఆ తర్వాత లేచి వెళ్లి అక్క పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్య ఉన్న యాభై సైగల్లో ఆ సంగతి చెప్పడానికి సరిపడే సైగ లేదు. ఊరికే పక్కన కూర్చుంది.

ఆ వారమే ఆ సంస్థకు ఉత్తరం రాశాను. తప్పు నాదని, దరఖాస్తు చేసినామెకు మీ జవాబు అందనే లేదని, వీలైతే ఇంకో అవకాశం ఇవ్వమని. మూడు రోజుల్లో బదులు వచ్చింది. జరిగినదానికి బాధపడుతున్నామని, వయసు నిబంధన మార్చడం తమ చేతుల్లో లేదని రాశారు. అక్కకు ముప్పై ఆరు దగ్గర పడుతోంది. ఆ ఉత్తరం వచ్చిన గంటలోనే ఆమెకు పంపాను. చదివినట్టు ఫోన్‌లో నీలం గుర్తులు పడ్డాయి.

కొన్నాళ్లకు అక్క నా పాత ల్యాప్‌టాప్ అడిగింది. ఆ నల్ల కిటికీ ఎలా తెరవాలో, ఏ అక్షరం దేనికో చెప్పమంది. ఒక నోటు పుస్తకంలో గుజరాతీలో రాసుకుంది. మైనస్ ఆర్ దగ్గర కలం ఆపి, దీన్ని తాకకపోతే ఏమవుతుందని అడిగింది. ఉన్నవి ఉన్నట్టే ఉంటాయన్నాను. ఆ వాక్యం కింద రెండు గీతలు గీసుకుంది. ఇప్పుడు స్నేహితురాలి క్లాసు కోసం చిన్న చిన్న పాఠాల వీడియోలు తీసి, తనే కుదించి, తనే పంపుతుంది. ఒక్కసారి కూడా సరిచూడమని నన్ను అడగలేదు. ఆ సాంచాల సంగతి మాత్రం మళ్లీ కెమెరా ముందు చెప్పలేదు. మళ్లీ తీద్దామా అని ఒకే ఒక్కసారి అడిగాను. చెయ్యి అడ్డంగా ఊపి, అయిపోయిందని చెప్పింది.

నేను ఆదివారాలు అమ్రోలీ క్లాసుకు వెళుతున్నాను. అక్క నాకు తను నేర్పనంది. "నేర్చుకోవాలనుంటే వేరేవాళ్ల దగ్గర నేర్చుకో" అని రాసింది. క్లాసులో అందరూ వినపడని చిన్నపిల్లల తల్లులు, ఇరవై, ఇరవై ఐదేళ్ల వాళ్లు. వాళ్ల మధ్య నేనొక్కణ్ణే ముప్పై దాటినవాణ్ణి. నా వేళ్లు వంగవు. మొహం కదలదని టీచరు తిడుతుంది. ఆరు నెలల తర్వాత అక్క తన స్నేహితురాలితో మాట్లాడుతుంటే సగం, ఒక్కోసారి సగం కంటే తక్కువ అందుతోంది. అందినదాంట్లో ఎక్కువ భాగం నేను ఊహించినంత పెద్ద సంగతులేమీ కావు. కూరగాయలు, నడుం నొప్పి, పక్కింటావిడ మీద వేళాకోళాలు. ముప్పై ఏళ్లు ఇవన్నీ నా ఎదురుగానే జరిగాయి.

పోయిన నెల ఒక వాక్యం క్లాసులో కష్టపడి నేర్చుకుని ఇంటికి వచ్చాను. నీ చేతుల్లో తప్పు లేదు, తప్పు నాది అని. అక్క బియ్యం ఏరుతోంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టి చూసింది. నా కుడి మణికట్టు పట్టుకుని కొంచెం లోపలికి తిప్పింది, మోచెయ్యి కిందికి దించింది, మళ్లీ చెప్పమన్నట్టు గడ్డం ఎగరేసింది. మళ్లీ చెప్పాను. ఈసారి సరిగా వచ్చిందని తల ఊపింది. అంతకు మించి ఆమె మొహంలో ఏముందో నాకు చదవడం రాలేదు. చేట దగ్గరికి లాక్కుని బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.